సున్నం ఉన్న మట్టి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమ విందులో రెండో ముద్దకే పంటి కింద రాయి పలికింది. పక్కనున్న సహోదరి బియ్యం ఏరినవాళ్ళను తిట్టుకుంటుంటే, నేను ఆ పలుకును నాలిక మీదే ఉంచుకుని కూర్చున్నాను. చిటికెడు మట్టి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, పనికొస్తుందో రాదో చెప్పే మనిషి ఒకాయన మా నర్సీపట్నంలో ఉండేవారు. కుమ్మరి సన్యాసయ్యగారు. ఆయన చక్రం ఆగిపోవడానికి కారణం నేను.

బలిఘట్టం వెళ్ళే దారిలో ఆయన ఇల్లు. సండే స్కూలు పిల్లల్ని మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. బైబిల్లో ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్ళిన సంగతి పిల్లలకు కళ్ళారా చూపించాలని నా ఉత్సాహం. చక్రం మీద కుండ మూతి వంకర పోయింది. ఆయన దాన్ని అరచేత్తో అణిచేసి, అదే మట్టిని మళ్ళీ లేపారు. దేవుడు మనల్ని కూడా ఇలాగే తిరిగి చేస్తాడని నేను చెబుతుంటే, తలెత్తకుండానే అన్నారు: "పచ్చిగున్నంతసేపే టీచరమ్మా. కాలినాక ఎవుడి సేతిలోనూ నేదు."

నాకు కోపం వచ్చింది. అయినా మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఓపిక గురించి ప్రసంగాల్లో విన్నాను గాని, చూసింది ఆయన వాకిట్లోనే. తొక్కిన మట్టిని పిసికి పిసికి, ఆవగింజంత రాయినైనా వేళ్ళతో వెతికి తీసేవారు. నన్నూ కూర్చోబెట్టి తీయించేవారు. నేను తొందరపడితే వేళాకోళం. "బేగి బేగంటే రాయి లోపలుండిపోద్ది. మీ దేవుడిదీ ఇదే పని గదా, అడుగు." బాప్తిస్మం తీసుకోమని ఏటా అడిగేదాన్ని. ఆయన ఏటా నవ్వి, ఒక ముంత నా చేతిలో పెట్టి పంపేసేవారు.

తరాలుగా వాళ్ళు మట్టి తెచ్చుకున్న చెరువును ఒక ఏడు కప్పేసి ఇళ్ళ స్థలాలు చేశారు. ఆ వేసవికి ఆవం పెట్టి కుండలు కాల్చలేకపోతే ఇక తన కుండ కోసం ఎవరూ రారని ఆయన దిగులు. సరిగ్గా అప్పుడే మా కొత్త మందిరానికి పునాదులు తవ్వారు. నల్లటి జిగురు మట్టి గుట్టలుగా పడింది. ప్రార్థనకు జవాబు దొరికిందనుకుని, ట్రాక్టరుకెత్తించి ఆయన వాకిట్లో పోయించాను.

ఆయన రుచి చూసి ఉమ్మేశారు. "సున్నం పలుకులున్నాయమ్మా. ఇది వొద్దు."

సంఘమంతా మోకరించిన నేల అది అన్నాను. దేవుని చిత్తం కాకపోతే ఇప్పుడే ఎందుకు దొరుకుతుంది అన్నాను. ఏరినంత ఏరుదాం, మిగతాది విశ్వాసం అన్నాను. ఆయన గుట్టలోంచి మళ్ళీ ఒక చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపారు.

"నువ్వంత గట్టిగా సెప్తన్నావు," అన్నారు చివరికి.

ఆవం విప్పాక కుండలు వేలితో కొడితే కంచులా మోగాయి. సగం మా వేసవి కూడికల్లో మంచినీళ్ళకు మేం తెచ్చుకున్నాం, సగం ఊళ్ళో అమ్ముడయ్యాయి. నాలుగో రోజు ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుని ఉండగా వెనక నుంచి టప్, టప్ మని చప్పుడు. కుండల ఒంటి మీంచి పెచ్చులు ఊడుతున్నాయి. ప్రతి గుంటలోనూ ఒక తెల్లటి చుక్క. కాలిన సున్నం తడి తగిలి ఉబ్బుతోంది. నీళ్ళు చాపల కిందికి పారాయి. ఊళ్ళో అమ్మినవీ అంతే. మాకవరపాలెం నుంచి వచ్చి కొనుక్కెళ్ళిన ఆడవాళ్ళు కూడా పెంకులు మోసుకొచ్చి ఆయన గుమ్మంలో పారేసి వెళ్ళారు.

వెళ్ళి ఏడ్చాను. ఆయన గుమ్మంలోని పెంకులు ఒక పక్కకు ఊడ్చారు. "నాలిక సెప్పింది. నేనే ఇన్నేదు," అని చక్రాన్ని గోడకు ఆనించేశారు. వేరే మట్టి తెప్పిస్తానంటే వినిపించుకోలేదు. తర్వాత రెండేళ్ళు అరుగు మీద కూర్చుని, తువ్వాలు అంచును రాయి వెతుకుతున్నట్టు నలుపుతూ ఉండి, ఒక వానాకాలంలో పోయారు.

ఆ కుండలు పగలడం సాతాను శోధన అని మా సంఘంలో ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంటారు. ఆయన వద్దన్నారని, నేనే దేవుని పేరు చెప్పి ఒప్పించానని వాళ్ళకు తెలియదు. ప్రతి నెలా ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళే ముందు, దాచిన తప్పుంటే రొట్టె ముట్టొద్దని, మమ్మల్ని మేము పరీక్షించుకోమంటారు. కళ్ళు మూసుకుంటాను. నాలిక చెబుతుంది. లేచి వెళ్ళి రొట్టె తీసుకుంటాను.