పెట్టె వంతు

సముద్రం లోకాన్ని మింగేశాక, మా తీరంలో దోన్ అనిసెతో అనే ముసలాయన ఒక యంత్రానికి రోజూ మాతే తాగించేవాడు. తాగించాడనడం కాస్త ఎక్కువే లెండి. దాని ముందు పెట్టి, తాగడానికి పట్టేంతసేపూ మిగతా అందరినీ నోరెండబెట్టేవాడు.

మాతే చేదాకు కషాయం. దాన్ని పోసే సొరబుర్ర ఒకటే, పీల్చే గొట్టమూ ఒకటే. కూర్చున్నవాళ్ళ మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇక చాలనుకున్నవాడు "గ్రాసియాస్" అని ధన్యవాదం చెబుతాడు, మళ్ళీ వాడికి వంతు రాదు. వరదల తరవాత ఆ ఆకు దొరకడమే గగనమైపోయింది.

కృత్రిమ మేధ అని యంత్రానికి పెద్ద పేరుండేది. మాకు మాత్రం పెట్టె. అది నెలిదా అనే ఒంటరామె ఇంటి కిటికీలో ఉండేది. భర్తనూ కొడుకునూ నీళ్ళు తీసుకుపోయిన నాటినుంచి ఆమె మనుషులతో మాట మానేసి, కిటికీ తెర వెనక దానితోనే బతికింది. ఎండనుంచి కరెంటు తీసి ఆ పెట్టెకు ప్రాణం పోసే పలకలు పాడైపోతున్నాయి. అది ఆగిపోతే ఆమె గతేమిటని అందరికీ భయమే, గడప తొక్కే ధైర్యం ఎవరికీ లేదు.

అనిసెతో మాత్రం పెట్టెను పిలవకుండా మాతే ఏమిటని దెబ్బలాడి, అందరినీ ఆ కిటికీ కిందికి తరలించాడు. మొదటిరోజే పెట్టె మర్యాదగా "గ్రాసియాస్" అంది. ముసలాయన మండిపడ్డాడు.

"ఒక్క గుక్కైనా తాగకుండానే చాలంటావా? ఎవరు పెంచారు నిన్ను?"

"నాకు నోరు లేదు, దోన్ అనిసెతో."

"లేకుండానే ఇన్ని మాటలా?"

నీళ్ళు మరగనిస్తే మాతే రుచి పోతుందనీ, పైగా ఆకు దండగనీ వలలల్లే రుఫినా రోజూ సణిగేది. ఆయన వినిపించుకోకుండా బుర్రను కిటికీ గట్టుమీద, తెరకు ఆనించి పెట్టేవాడు. చల్లారాక తీసి పారబోసేవాడు.

ఒక మధ్యాహ్నం పెట్టె మాట మధ్యలో ఆగిపోయింది. ఎవరూ లేవలేదు. అనిసెతో బుర్ర నింపి, ఎప్పటిలాగే గట్టుమీద పెట్టి, సముద్రంవైపు తిరిగి కూర్చున్నాడు.

తెర వెనక నెలిదా చాలాసేపు ఎదురుచూసింది. పెట్టె పలకలేదు. బయట జనం ఊపిరి వినిపిస్తోంది. ఆమె చెయ్యి చాపింది. అడుగంటా పీల్చిన చప్పుడయ్యాక ఖాళీ బుర్ర గట్టుమీదికి వచ్చింది. గ్రాసియాస్ మాత్రం రాలేదు. అనిసెతో మళ్ళీ నింపాడు.

"నీళ్ళు మరిగించేశావు, అనిసెతో," అంది నెలిదా బొంగురుగా. "ఆకు మాడిపోయింది."

"ఇన్నాళ్ళూ మేం మొత్తుకుంటున్నదీ అదేనమ్మా," అంది రుఫినా, కళ్ళు తుడుచుకుంటూ.

ఇది ఎవరు చెప్పినా అనిసెతో ఒప్పుకోడు. "అంతా కట్టుకథ. ఏ పెట్టే లేదు, ఏ తెరా లేదు. నేను జన్మలో నీళ్ళు మరగనివ్వలేదు."