గటక ముట్టి చేసిన ప్రమాణం

ఇలాంటి మనుషులకు డాక్టర్లు ఇప్పుడు పేరు పెట్టారు. సైకోపతీ అట. ఎదుటివాడి నొప్పి వాళ్లకు తెలియదట, తమను తప్ప ఎవరినీ ప్రేమించలేరట. మనసు డాక్టరు చదువు చదువుతున్న నా మనవరాలు ఇదంతా చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. మా బావలో, అంటే నా భర్త అన్నలో అదే గుణం చూసి దేవరకొండ పక్కన మా ఊరంతా దానికి ధైర్యం అని పేరు పెట్టింది.

నిజాం రాజ్యంలో దొరల మీద ఊళ్లు తిరగబడ్డ రోజులవి. బావ దళంలో చేరాడు. దొర ఉండే కోటలాంటి గడి మీద పడ్డ రోజు, చేతులు జోడించి కూర్చున్న గుమాస్తాను గొడ్డలితో నరికింది ఆయనే. తోటివాళ్లు గోడవతల వాంతులు చేసుకుంటుంటే ఈయన ఇంటికి వచ్చి ఆకలి అన్నాడు. నెత్తురు మోచేతి దాకా ఎండిపోయి ఉంది. చావడి దగ్గర ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా గడిని తానొక్కడే గెలిచినట్టు చెప్పేవాడు. మొదటి దెబ్బ నాదన్న దళం మనిషి పళ్లను తుపాకీ మడమతో రాలగొట్టాడు. వాడు మట్టిలో పళ్లు వెతుక్కుంటుంటే ఊరు నవ్వింది. ఇదేం ధైర్యమని అత్తతో అంటే, నా కొడుక్కి దిష్టి పెట్టకని నన్నే కసిరింది.

తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు, పీడ పోయిందనుకున్నాం. కానీ ఆ సైన్యమే ఊరి బయట క్యాంపు వేసి దళం వాళ్లను ఏరడం మొదలుపెట్టింది. బావ అందరికంటే ముందు లొంగిపోయి వాళ్ల జీపులో ఊరేగాడు. దళానికి రొట్టెలు మోసిన పాపానికి నా భర్త గుట్టల్లో దాక్కున్నాడు. ఆ జాగా అత్తకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం బావ ఇంటికి వచ్చాడు. అత్త జొన్నరవ్వతో వండిన గటక పెట్టింది. ఆయన తినకుండా దాని మీద చెయ్యి పెట్టాడు.

"అమ్మా, గీ గటక ముట్టి చెప్తున్న. తమ్మునికి దెబ్బ తగలనియ్య. గా మిల్ట్రోళ్ల ముంగట ఒక్కసారి నిలబడితే చాలు, నేనే ఇంటికి తోలుకొస్త."

మా దిక్కు తినే కూడు ముట్టి అబద్ధమాడే మనిషి లేడు. దొంగలు కూడా ఆ ఒట్టు అంటే తప్పుకునేవారు. వద్దత్తా అని కాళ్లు పట్టుకున్నాను. విదిలించుకొని పోయి, చిన్నకొడుకును చెయ్యి పట్టుకొని గుట్టల్లోంచి క్యాంపుకు తీసుకొచ్చింది. నేనూ వెనకే పరుగెత్తాను.

క్యాంపు ముందు నా భర్తను బండి చక్రానికి కట్టారు. తాడు బిగించింది బావే. మోకాళ్లు నుగ్గయ్యేదాకా తుపాకీ మడమలతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అమ్మను చూసి ఏదో అనబోయాడు, అప్పుడే కాల్చారు. నా చీర మీద పడ్డ నెత్తురు ఇంకా వేడిగా ఉంది.

పొద్దుగూకక ముందే బావ వచ్చి పీట వేసుకొని కూర్చున్నాడు. అన్నం పెట్టమన్నాడు. అత్త గోడకు ఆనుకొని ఆయన వంకే చూసింది.

"గటక ముట్టినవు గదరా. నోరెట్ల వచ్చింది నీకు?"

ఆయనకు కోపం రాలేదు, సిగ్గూ రాలేదు. తెలియని పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ముట్టకుంటే నువ్వు నమ్ముతుంటివానే అమ్మా?"

అత్త మూలనున్న రోకలి అందుకుంది. ఆమె ఒక్కతే ఎత్తలేకపోతే నేనూ చెయ్యి వేశాను. ఆయన మళ్లీ లేవలేదు.