జాజు చూపించిన కొలత

నా చిన్నప్పుడు, గదికో కుటుంబం ఉండే మా చాల్ మొత్తంలో ఇంగ్లిషు అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. ఎవరికి మందుసీసా వచ్చినా, కరెంటు బిల్లు వచ్చినా నన్నే పిలిచేవారు. పదేళ్ల పిల్లకు అంత మర్యాద దక్కితే కొంచెం టెక్కు రావడం సహజం. నాకూ వచ్చింది.

మేముండేది కామాటిపుర పదకొండో గల్లీలో. మా తాతయ్య పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో గోడలు కట్టిన తాపీమేస్త్రి. మా నాన్నకు ఆ పని అబ్బలేదు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల టాక్సీలు నడిపి, చివరికి ముగ్గురి చేతులు మారిన పాత టాక్సీ ఒకటి సొంతానికి కొనుక్కున్నాడు. రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడిచాకే తను స్నానం చేసేవాడు.

టాక్సీని ఏటా సర్కారు ఇన్‌స్పెక్టరుకు చూపించి పాస్ చేయించాలి. మావాళ్లు దాన్ని పాసింగ్ అనేవారు. ఆ ఏడు, పాసింగ్ రేపనగా, ముందు చక్రాల బ్రేకులు పట్టడం మానేశాయి. లోపల చక్రాన్ని పట్టి ఆపే షూలు అరిగిపోయాయి. ఎప్పుడూ బండి చూసే మెకానిక్ ఊరికి పోయి ఉన్నాడు. బ్రేకు పట్టని బండి పాస్ కాదు. పాస్ కాని బండి రోడ్డెక్కదు. నాన్న మళ్లీ ఇంకొకరి టాక్సీ అడుక్కోవాలి. ఆ పొద్దున అమ్మ చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయింది.

కొత్త షూలు కొనడానికి నాన్న నన్ను వెంటబెట్టుకుపోయాడు. బండి పేరు, తయారైన ఏడు నేను కాగితం మీద రాసుకున్నాను. డ్రమ్ము తెచ్చారా అని దుకాణదారు హిందీలో అడిగాడు. డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలాంటిది. లోపల నెలవంకల్లాంటి రెండు షూలు విచ్చుకుని దాని గోడను పట్టుకుంటేనే బండి ఆగుతుంది. నేను డ్రమ్ముకు బదులు నా కాగితం చూపించాను. డబ్బాల మీది అక్షరాలు ఒక్కొక్కటే పోల్చి, ఇవే మనవని వేలు పెట్టి చెప్పాను. నాన్న ఇంకేమీ అడగకుండా కొనేశాడు.

మధ్యాహ్నానికి అవి బిగించి గల్లీలో నడిపి చూశాడు. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. జారుకుంటూ పోయి అరటిపళ్ల తోపుడుబండికి జానెడు దూరంలో నిలబడింది. చాల్ ముందు కూర్చున్న ఇంకో టాక్సీ డ్రైవరు నవ్వాడు. "ఏందన్నా, బండికి గూడ ఇంగ్లిషు నేర్పిచ్చినవా? మన మాట ఇంటలేదు!"

నాన్న దిగి, బండిని తోసుకుంటూ వెనక్కి తెచ్చాడు. అదే నాకు పెద్ద శిక్ష. మెట్ల కింద చీకట్లో కూర్చున్నాను.

అక్కడికి మా తాతయ్య వచ్చాడు. ఆయనకు మోటారు బండ్ల సంగతి ఏమీ తెలియదు. ఊరుకోబెట్టలేదు, కోప్పడలేదు. తన పనిముట్ల సంచీ తెమ్మన్నాడు. అందులో జాజు మూట ఉండేది. గోడ కట్టేటప్పుడు దారానికి ఆ ఎర్రమట్టి పూసి లాగి కొడితే సూటిగా గీత పడుతుంది. నాన్న చేత డ్రమ్ము ఊడదీయించి, దాని లోపలంతా జాజు రుద్దాడు. కొత్త షూను అందులో ఆనించి, కొంచెం తిప్పి, పైకి తీసి నా ముందు పెట్టాడు.

"ఏడ అంటింది, సూడు."

నడుమ రెండు వేళ్లంత మేర ఎర్రగా ఉంది. రెండు కొసలకూ రంగు అంటనే లేదు.

"నేను తప్పు సదివిన్నా తాతా?"

"తప్పెందుకు సదువుతవ్ బిడ్డా? డబ్బ మీద రాసింది కొత్త బండి సంగతి. మన బండి ఇప్పుడెట్లున్నదో ఆ డబ్బ చేసినోనికి ఏమెరుక? పాత గోడకు దర్వాజ పెట్టాల్నంటే మేం ముందుగాల గోడను కొలుస్తం."

నాన్న రెండో డ్రమ్ము కూడా ఊడదీసి చూసి చెప్పాడు, పాత యజమానులు డ్రమ్ములు అరిగినప్పుడల్లా లోపల చెక్కించారట. చెక్కిన ప్రతిసారీ అవి కొంచెం వెడల్పయ్యాయి. రెండు చక్రాలవీ ఒకే తీరుగా కూడా లేవు. అందుకని తాతయ్య జాజు తడిపి, అగ్గిపుల్లతో పాటు నా చేతిలో పెట్టాడు. ఏ డ్రమ్ము ఏ చక్రానిదో వాటి మీద రాయమన్నాడు. "నీకొచ్చిన ఇంగ్లిషులనే రాయి," అన్నాడు. ఎడమదాని మీద ఎల్, కుడిదాని మీద ఆర్ అని రాశాను.

పాత షూల మీద అరిగిన పొర కొత్తగా వేయించడానికి పక్కనున్న నాగ్‌పాడాకు నడిచే పోయాం. తాతయ్య తువ్వాలు చుట్టలా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద ఒక డ్రమ్మును ఇటుకల తట్టలా మోశాడు. రెండోది నాన్న పట్టుకున్నాడు. దారిలో కూరగాయలమ్మే మరాఠీ ఆమె "ఏ బాబా, ఇడ్లీ హై క్యా?" అని కేకేసింది, నెత్తిన ఉన్నది ఇడ్లీ గిన్నె అన్నట్టు. "హై, దాంత్ హై క్యా?" అని, ఉన్నాయి గాని నమలడానికి పళ్లున్నాయా అన్నాడు తాతయ్య, తల కదలకుండా.

ఆ పొరను, అంటే లైనింగును, వేసే దుకాణంలోని ముసలాయన మా డబ్బా వైపు చూడనే లేదు. డ్రమ్ములు బల్ల మీద పెట్టించుకుని, లోపలి ఎరుపు చూసి, ఇది ఏ మిస్త్రీ పనితనమని హిందీలో అడిగాడు. "దీవార్‌వాలా మిస్త్రీ," గోడల మేస్త్రినని తాతయ్య ఛాతీ తట్టుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ముసలాయన మా పాత షూలకు మందపాటి లైనింగు బిగించి, ఏ డ్రమ్ముకు ఆ డ్రమ్ముకు తగ్గట్టు షూలను అరగదీశాడు. సుద్ద పూసి చూపించాడు. ఈసారి కొస నుంచి కొస దాకా అంటింది.

మర్నాడు పాసింగ్ నుంచి నాన్న తిరిగొచ్చేసరికి నవ్విన ఆ డ్రైవరు చాల్ ముందే కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడిగాడు. "పాసైంది," అన్నాడు నాన్న. "మా బిడ్డ రాసిన గుర్తులు సూస్కుంటనే బిగించిన."

తర్వాత నేను పెద్దయి, పత్రికలో చేరి, నలభై ఏళ్లు వార్తలు రాశాను. చేతికి వచ్చిన కాగితం ఎంత సరైనదైనా, ఆ చోటికి పోయి చూడకుండా రాయలేకపోయేదాన్ని. దానివల్ల కొన్ని వార్తలు ఆలస్యమయ్యాయి కూడా. కానీ ఆ రోజు నాకు ఎక్కువగా పనికొచ్చింది మనుషుల దగ్గర. చాలా ఏళ్ల తర్వాత కలిసినవాళ్లను "నువ్వు ఇదివరకు ఇట్లా ఉండేదానివి కాదే" అనబోయి ఆగుతాను. ఎవరు ఎన్నిసార్లు అరిగారో, ఎవరి చేతుల్లో ఎంత చెక్కుడు పడ్డారో నాకేం తెలుసు? ముందు పక్కన కూర్చుంటాను. ఇప్పుడు ఎట్లా ఉన్నావని అడుగుతాను. జవాబు వచ్చేదాకా నా మాట మొదలుపెట్టను.