పేటకు వేరే పెట్టె

ఈసారి ఓటు నా ఇంటికే వచ్చింది. ఎనభై అయిదు దాటినవాళ్లకు ఆ వీలుందట. నాకు ఎనభై ఆరు. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నలుగురు వచ్చి, బల్ల మీద అట్టతో మరుగు నిలబెట్టారు. నేను గుర్తు పెట్టి, కాగితం మడిచి కవరులో పెట్టాక, వాళ్లలో ఉన్న అమ్మాయి జిగురు రాసి అంటించింది. ఆ వాసన తగలగానే శాస్త్రి మాస్టారి వసారా కళ్ల ముందుకొచ్చింది. ఆయన రాసే అర్జీల కవర్లన్నీ ఒకప్పుడు నేనే అంటించేదాన్ని. "ఇది మీ బూత్ లెక్కలో కలవదు మామ్మగారండీ, పోస్టల్ ఓట్లతో కలిపి లెక్కెడతారు" అంది ఆ అమ్మాయి, నేను నొచ్చుకుంటానేమోనన్నట్టు. "మంచిదేనమ్మా" అన్నాను. ఎంత మంచిదో ఆమెకు తెలియదు.

శాస్త్రి మాస్టారు రాజోలు వైపు మా ఊళ్లో హైస్కూలు హెడ్మాస్టరు. నేను కాలువ అవతల పేటలో పుట్టి, అక్కడి మిషను బళ్లోనే టీచర్నయ్యాను. ఆయనకొక పిచ్చి ఉండేది. మా నియోజకవర్గంలో మొదటి ఎన్నిక నుంచీ ఎవరెవరు నిలబడ్డారు, ఏ ఊళ్లో ఎవరికెన్ని పడ్డాయి, చెల్లనివెన్ని, అన్నీ ఒక దళసరి పుస్తకంలో రాసేవారు. ఆ రోజుల్లో ఏ పెట్టె ఓట్లు ఆ పెట్టెకే విడిగా లెక్కపెట్టేవారు. లెక్కింపులో కూర్చున్న ఏజెంట్లను బతిమాలి ఆ చీటీలు తెప్పించుకునేవారు. కూడికలు నాకిచ్చేవారు. పేట మనిషిని తన వసారాలో, తన కుర్చీకి సమానమైన కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి మా ఊళ్లో ఆయన ఒక్కరే. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత చెప్పబోయేది ఆయనకు అనుకూలంగా ఉండదు.

ఒకసారి ఒక ఊరి మొత్తం అడిగితే "సుమారు నాలుగొందలండీ" అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు.

"సుమారంటే సోమరితనం అమ్మాయ్. ఎంతో చెప్పు."

మళ్లీ కూడి చూశాను. మూడు వందల తొంభై ఎనిమిది. ఆ తర్వాత ఏ లెక్కలోనూ నా నోట సుమారు అన్నమాట రాలేదు.

అప్పట్లో పేటవాళ్లు ఓటేయాలంటే కాలువ మీద పరిచిన రెండు కొబ్బరి దుంగలు దాటి, ఊళ్లోకెళ్లి, చావడి ముందు వరసలో నిలబడాలి. చావడికి ఎదురుగా మునసబు గారి అరుగు. అరుగు మీద కూర్చున్న పెద్దలు వరసలో ఉన్నవాళ్లను పేరు పెట్టి పలకరించేవారు. "ఏమే మార్తా, చెప్పింది గుర్తుందా?" అనేవారు మా మార్తమ్మ పిన్నిని. పిన్ని ఇంటికొచ్చి, "ఓటు నాదేనంటారు గానీ రత్నం, ఆ అరుగు ముందు నా కాళ్లు నా మాట ఇనవే" అని నవ్వేది. ఆ నవ్వు నేను మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మీ బడిలో వేరే పెట్టె పెట్టమని అడుగుదాం. దూరం ఎంతో కొలవాలి."

కరణం గారి దగ్గర సర్వే గొలుసు తెచ్చారు. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని, పేటలో చివరి ఇంటి నుంచి చావడి గుమ్మం దాకా కొలిచాం. ఒక మైలు, ఒక ఫర్లాంగు, నూట నలభై గజాలు. దారి పొడుగునా జనం గుమిగూడారు.

"ఏవండీ మాస్టారూ, పొలమేమైనా కొన్నారేంటండీ?"

"లేదయ్యా. ఓటు ఎంత దూరముందో కొలుస్తున్నాం."

మూడు అర్జీలు పెట్టాం. మూడోదానికి పెట్టె వచ్చింది.

ఆ ఎన్నికనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పేట ఆడవాళ్లు తలంట్లు పోసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని బడికొచ్చారు. అరుగు లేదు, పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. "ఓటంటే ఇంత తొరగా అయిపోద్దా!" అంది పిన్ని బయటికొస్తూ. మాకు కావలసింది ఒక్కటే, కాలువ మీద వంతెన. నిలబడ్డ ఇద్దరూ కట్టిస్తామనే అన్నారు. వాళ్లలో అరుగు పెద్దల తరఫున నిలబడ్డ ఆయన ముందుగానే అయిదు బళ్ల రాయి కూడా గట్టున దింపించాడు. ఆయనే గెలిచాడు.

గెలిచిన ఆరో రోజున ఆయన మాస్టారి వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను.

"మీ పుస్తకం గురించి గొప్పగా చెబుతున్నారండీ మాస్టారూ. ఆ కొత్త పెట్టె సంగతేంటో చదవండి, విందాం."

ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థమైంది. మాస్టారికి కాలేదు. కాలేదనే ఈనాటికీ అనుకోవాలని చూస్తున్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, పేజీ తీశారు. అందులో అంకెలు నా చేతిరాతే.

"మిషను బడి. పోలైనవి మూడు వందల పన్నెండు. చెల్లనివి ఏడు. తమకి పందొమ్మిది."

చదివి, మెప్పు కోసం చూసినట్టు తలెత్తారు.

"పందొమ్మిదా అండీ!" పెద్దమనిషి పెద్దగా నవ్వాడు. "అయిదు బళ్ల రాయి దింపించాను. బండికి నాలుగు ఓట్లయినా పడలేదన్నమాట!"

ఆ తర్వాత మూడో రోజున బళ్లు వచ్చాయి. రాయి ఎత్తుకుని వేరే ఊరికి తోలుకుపోయాయి. నేను గట్టున నిలబడి లెక్కపెట్టాను. అయిదు బళ్లు.

ఆ ఏటి వానల్లో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తూ పిన్ని దుంగ మీద జారింది. తుంటి విరిగింది. మళ్లీ నడవలేదు. అప్పుడు మాస్టారు మొదటిసారి పేటలో ఒక ఇంటి గడప లోపలికి వచ్చారు. చేతిలో కొత్త అర్జీ. పేట ఓట్లను మళ్లీ చావడి పెట్టెలో కలిపేయమని. అందరివీ కలిసిపోతే ఎవరు ఎటు వేశారో తెలియదని ఆయన ఉద్దేశం. ముందు పిన్ని వేలిముద్ర అడిగారు.

"మళ్లీ ఆ అరుగు కాడికి ఎల్లమంటారా బాబూ? మంచం మీద మోసుకెళ్లినా ఎల్లను. నేను ఆయనకెయ్యలేదు. తెలిసింది. తెలిస్తే తెలిసింది, నేనేమన్నా దాచుకున్నానా?"

మాస్టారు "నేను తప్పు లెక్క చెప్పలేదు మార్తమ్మా" అన్నారు.

"ఆయ్. తప్పే చెప్పుంటే బాగుండేదండీ" అంది పిన్ని.

ఆయన అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. "నేను చెప్పకపోయినా వాళ్ల ఏజెంటు చెప్పి ఉండేవాడమ్మా" అని తర్వాత నాతో రెండుసార్లు అన్నారు. నిజమే కావచ్చు. కానీ అడిగింది ఆయన్ని, చదివింది ఆయన. పుస్తకం రాయడం మాత్రం పోయేదాకా మానలేదు. కొంతకాలం అన్ని పెట్టెల ఓట్లూ కలిపి లెక్కపెట్టారు. యంత్రాలు వచ్చాక మళ్లీ ఎక్కడివక్కడే తెలుస్తున్నాయి. వంతెన నాకు నలభై ఎనిమిదేళ్లప్పుడు వచ్చింది. ప్రారంభించినాయన పేరు పలక మీద ఉంది.

పేటలో ఆ పందొమ్మిది మంది ఎవరని ఏళ్ల తరబడి వెతికారు. చివరికి ఆ నింద మా మేనమామ మీద పెట్టారు. ఆదివారం ప్రార్థనకు గుడిలో ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. ఆయన ఎవరికి వేశాడో నాకు తెలియదు. అనుమానం మోస్తూనే పోయాడు. నోరు తెరిచినందుకు మాస్టారిని నేను ఇన్నేళ్లూ తప్పుపట్టాను. గట్టున రాయి చూసి, వంతెన ఖాయమనుకుని, ఆ పందొమ్మిదిలో ఒక ఓటు వేసింది నేను. పిన్ని ఏడేళ్ల నాలుగు నెలలు మంచంలో ఉంది. రోజూ పొద్దున గంజి పట్టుకెళ్లి తాగించింది నేనే. ఆమెకు చెప్పలేదు.