చేతికిచ్చిన మందు

డెబ్బైల చివర్లో, పెళ్ళయి బెంగళూరు వచ్చిన రెండో ఏడు నా చేతులు పాడయ్యాయి. వఠారంలోని ఆడవాళ్ళమంతా మధ్యాహ్నాలు కూర్చుని ఊదుబత్తులు చుట్టేవాళ్ళం. నల్లటి పిండిముద్దను పుల్లకు అంటించి పలక మీద దొర్లించడమే పని. మొదట వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. తర్వాత నీటి పొక్కులు, రసి, పగుళ్ళు. చింతపండు పిసికితే ప్రాణం పోయేది.

ఒకరోజు చూస్తే నా కంచం, గ్లాసు కిటికీ గట్టు మీద విడిగా బోర్లించి ఉన్నాయి. అత్తగారు పొరుగావిడతో గొంతు తగ్గించి మాట్లాడుతూ, నేను గడపలోకి రాగానే మాట ఆపేశారు. ఆమె అనుమానం కుష్ఠు మీదేనని నాకు తెలుసు. ఆ పేరు ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. చివరికి నాకూ నా మీదే అనుమానం పట్టుకుంది. స్నానాల గదిలో తలుపేసుకుని, నొప్పి తెలుస్తోందో లేదోనని చేతి మీద పిన్నుతో గుచ్చుకుని చూసుకునేదాన్ని.

మా ఆయన సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అత్తగారూ వెంట వచ్చారు, మేము ఏదైనా దాస్తామని కాబోలు. చర్మం డాక్టరమ్మ కన్నడావిడే అయినా తెలుగు బాగా మాట్లాడేది. నా చేతులు తిప్పి తిప్పి చూసి, ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాను.

"ఆ పిండి నీ ఒంటికి పడలేదమ్మా. ఇది అంటుకునే జబ్బు కాదు" అని అత్తగారి వైపు తిరిగింది. "ఈ అమ్మాయి వండింది నిశ్చింతగా తినండి."

బత్తులు చుట్టడం మానేయమని చెప్పి, ఒక ట్యూబు రాసిచ్చింది. "ఇది స్టీరాయిడ్. మంచి మందే, కానీ గట్టిది. ఎర్రగా ఉన్నచోట మాత్రం పలచగా రాయి. దురద, ఎరుపు పోయాక ఆపేసి కొబ్బరినూనె పెట్టుకో. మొహానికి వద్దు. ఇంకెవరికీ ఇవ్వద్దు."

వారం తిరక్కుండానే చేతులు నెమ్మదించాయి. అత్తగారికి అదీ నచ్చలేదు.

"ఇంత జల్దీ తగ్గిందంటే అది మందు కాదమ్మీ. రోగాన్ని లోపలికి తోస్తా ఉండాది" అన్నారు.

నేను మందు ఆపేసి, ట్యూబును అద్దం వెనక పెట్టాను. కొన్నాళ్ళకు చూస్తే అది సగానికి చుట్టుకుపోయి ఉంది. అత్తగారే మందును పిండేసి మోరీ కాలవలో పారేస్తున్నారని అనుకున్నాను. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆమె అద్దం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఓరకంట చూసేదాన్ని. ఆమె బొట్టు దిద్దుకుని వచ్చేసేవారు.

ఆ రోజుల్లోనే కాలేజీకి వెళ్ళే మా ఆడబిడ్డ మొహం తేటపడింది. వఠారమంతా ఆ మాటే. తర్వాత ఎందుకో తను దట్టంగా పౌడరు రాయడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం ఎండలో నుంచి వచ్చి మొహం కడుక్కుంటుంటే చూశాను. బుగ్గలు కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. నోటి చుట్టూ సన్నటి కురుపులు, చర్మం కింద దారాల్లాంటి ఎర్రటి నరాలు.

"ఏం పెట్టుకుంటున్నావు?" అన్నాను.

తను ఏడ్చేసింది. "నీ ట్యూబే వదినా. మొటిమల మచ్చలు పోతాయని పెట్టుకుంటి. మొదట్లో ఎంత బాగుండెనో! ఇప్పుడు మానితే మండుతాది, పెడితే చల్లగైతాది. నీది అయిపోవస్తా ఉండాదని మెడికల్ షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇంకోటి ఇచ్చినారు."

మళ్ళీ అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మొహం చర్మం పలచనిదనీ, చేతికి సరిపోయే మందు దానికి మోతాదు మించుతుందనీ చెప్పింది. "ఆపగానే ఇంకా మండుతుంది. భయపడి మళ్ళీ రాశావో, ఇందులోంచి బయటపడవు" అని హెచ్చరించి, తేలికపాటి మందులు ఇచ్చి, తరచు వచ్చి చూపించమంది. ఆ పిల్ల ఎన్నో వారాలు కాలేజీ మానేసి చీకటి గదిలో కూర్చుంది. అత్తగారు తడిగుడ్డ మొహం మీద పరుస్తూ, "ఆ పాడు ట్యూబు ఇంట్లోకి ఎందుకొచ్చిందో" అని గొణిగేవారు. ఆ మాట నాకే తగిలేది.

చలికాలం సబ్బునీళ్ళకు నా వేళ్ళు మళ్ళీ పగిలాయి. ఆడబిడ్డ మొహం గుర్తొచ్చి నేను మందు ముట్టలేదు. నెత్తురు కారేదాకా ఓర్చుకుని వెళితే డాక్టరమ్మ కోప్పడింది.

"మీ ఆడబిడ్డ అడక్కుండా రాసుకుని మొహం పాడుచేసుకుంది. నువ్వేమో నేను చెప్పినా రాయకుండా చేతులు పాడుచేసుకుంటున్నావు. చెప్పినన్నాళ్ళు, చెప్పినచోట రాస్తే ఏమీ కాదమ్మా."

భయపడుతూనే రాశాను. తగ్గింది, ఆపేశాను. ఆ తర్వాత అవసరమైనప్పుడల్లా అంతే చేశాను.

ఆడబిడ్డ మొహం కుదుటపడటానికి ఏడాది దగ్గర దగ్గర పట్టింది. బుగ్గల మీద సన్నటి ఎర్రగీతలు మాత్రం మిగిలిపోయాయి. అత్తగారికి ట్యూబు అంటేనే నమ్మకం పోయింది. మేము పళ్ళు తోముకునే పేస్టు ఇచ్చినా వాసన చూసి పక్కన పెట్టి, చివరిదాకా పళ్ళపొడితోనే తోముకున్నారు.