తొంభై నాలుగు డిగ్రీలు

ఆ ఉన్నత పాఠశాల మొత్తంలో శుభ్రమైన గది ఏదంటే ప్రయోగశాల. ఎందుకుండదు మరి, అందులో ఎవరైనా ఏమైనా చేస్తేగా! దాని తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులో పడి ఉంటుంది. శనివారం శనివారం దుమ్ము దులపడానికీ, పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తున్నప్పుడూ మాత్రమే బయటికి వస్తుంది. అప్పుడు ల్యాబ్ అటెండరు, అంటే పిల్లలంతా ‘ల్యాబ్ పిన్ని’ అని పిలిచే ఆవిడ, కడిగిన బీకర్లనే మళ్ళీ కడిగి, తుడిచిన బల్లలనే మళ్ళీ తుడుస్తుంది. పెద్దలు వస్తారు, ఆహా అంటారు, టీ తాగి వెళ్ళిపోతారు. గదికి మళ్ళీ తాళం. ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేసిన ఉద్యోగం ఇదే.

పగిలినవీ పాడైనవీ రాయడానికి అక్కడో రిజిస్టరు ఉంది. అందులో ఒక్క అక్షరం లేదు. వచ్చినవాళ్ళందరికీ హెడ్మాస్టరు ఆ తెల్లకాగితాలు తిప్పి తిప్పి చూపిస్తాడు. “ముప్పై ఏళ్ళండీ! ఒక్క వస్తువు పాడైతే ఒట్టు!”

‘పాడవ్వాలంటే ముందు వాడాలిగా నాయనా’ అని పిన్ని గుమ్మం దగ్గర నిలబడి లోలోపల అనుకునేది. లోలోపల అనుకోవడంలో ఆవిడను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ప్రయోగాలు చేయకుండా పిల్లలు రికార్డులు ఎలా రాస్తారని ఎవరికైనా అనుమానం రావచ్చు. దానికి తల్లి రికార్డు ఉంది. ఇరవై రెండేళ్ళ కింద బడికి మొదటివాడుగా వచ్చిన కుర్రాడు రాసిన పుస్తకం అది. ఏటా పదో తరగతి వాళ్ళు దాన్ని చూసి బొమ్మలతో సహా దించేస్తారు. అందులో మూడో ప్రయోగం నీళ్ళు మరిగే వేడి. జవాబు తొంభై నాలుగు డిగ్రీలు. ఇరవై రెండేళ్ళుగా ఆ బళ్ళో నీళ్ళు తొంభై నాలుగుకే మరుగుతున్నాయి.

సంగతేమిటంటే, ఎప్పుడో ఒకసారి ప్రయోగం చేయించిన ఆ రోజున ఆ కుర్రాడు చేతిలో పట్టుకున్న థర్మామీటరులో పాదరసం తెగి, చిన్న ముక్క పైన ఇరుక్కుపోయింది. కింద మిగిలింది ఆరు డిగ్రీలు తక్కువ చూపించింది. పిన్ని అప్పుడే చూసి చెప్పింది. అప్పటి సైన్సు సారు ఆవిడను ఎగాదిగా చూసి, “నీ పని కడగడం. చదవడం కాదు” అన్నాడు. కుర్రాడు కిసుక్కున నవ్వాడు. పిన్ని ఆ థర్మామీటరును అలమారలో వెనక్కి నెట్టి నోరు మూసుకుంది. ఆ కుర్రాడే పెద్దవాడై ఇప్పుడు అదే బళ్ళో సైన్సు సారుగా వెలుగుతున్నాడు. తను రాసిన పుస్తకంలో తప్పుంటుందని కల్లో కూడా అనుకోడు.

పిన్ని తమ్ముడి కూతురు చదువు కోసం ఆవిడ ఇంట్లోనే ఉంటోంది. ఈ ఏడు పదో తరగతి. ఒక శనివారం దుమ్ము దులపడానికి తోడొచ్చి, “అత్తా, నిజంగా కాచి చూద్దామా?” అంది. పిన్ని తలుపు దగ్గరకి వేసి, బీకరులో నీళ్ళు పోసి కింద స్పిరిట్ దీపం వెలిగించింది. కొత్త థర్మామీటరులో వంద వచ్చింది. పిల్ల వందే రాసింది.

సైన్సు సారు ఆ వంద చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు.

“నలభై మందికి తొంభై నాలుగొస్తే నీ ఒక్కదానికే వందొచ్చిందా?”

“కాచి చూశాను సార్.”

“ఎవరు కాయమన్నారు?”

పైగా ఊరు ఎత్తులో ఉందనీ, ఎత్తున నీళ్ళు తొందరగా మరుగుతాయనీ క్లాసంతటికీ బోధించాడు. వాన పడితే బడి ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచే ఊరది! దిద్దుకుంటేనే సంతకం అన్నాడు. సంతకం లేకపోతే ప్రాక్టికల్ మార్కులు లేవు, మార్కులు లేకపోతే ఆ పిల్లకు పై చదువులో సైన్సు సీటు లేదు.

హెడ్మాస్టరు పిన్నిని పిలిచాడు. “నెలలో రిటైరవుతున్నావమ్మా. మచ్చలేని సర్వీసు. ఆరు డిగ్రీల కోసం గొడవెందుకు? పిల్లకు నచ్చజెప్పుకో.”

పిన్ని ఇంటికెళ్ళి నచ్చజెప్పింది కూడా. “దిద్దెయ్యవే తల్లీ. ఒక్క అంకెకేం పోయింది?”

“వంద నువ్వూ చూశావుగా అత్తా?” అంది పిల్ల.

పిన్ని హెడ్మాస్టరును, సార్లను, టీలు తాగి పోయే పెద్దలను ఇన్నేళ్ళూ కడుపారా తిట్టుకుంది. ఆ వరసలో తన పేరు ఎప్పుడూ కలుపుకోలేదు. ఆ సాయంత్రం కలుపుకుంది, సిగ్గుతో చచ్చినంత పనైంది.

పరీక్ష రోజు బయటి బడి నుంచి పరీక్షాధికారి వచ్చాడు. అన్ని పుస్తకాల్లోనూ తొంభై నాలుగు చూసి, “ఎంత క్రమశిక్షణండీ!” అని మురిసిపోయాడు. సంతకం లేని పుస్తకం ఒక్కటే పక్కన పెట్టాడు.

“ఆ పిల్ల రాసిందే నిజం సార్. కాచి చూడండి” అంది పిన్ని.

“భోజనం వేళైందమ్మా” అన్నాడాయన.

పిన్ని తిన్నగా అలమార దగ్గరికి వెళ్ళింది. రిజిస్టరు తీసి, ముప్పై ఏళ్ళ తెల్లకాగితం మీద రాసింది. ‘థర్మామీటరు ఒకటి. పాడై ఇరవై రెండేళ్ళు. ఆనాడే చూశాను. గట్టిగా చెప్పకపోవడం నా తప్పు.’ కింద సంతకం చేసి, పాత థర్మామీటరుతో సహా ఆయన ముందు పెట్టింది. మరిగే నీళ్ళను నమ్మని ఆ మహానుభావులు రిజిస్టరును నమ్మక తప్పలేదు. సంతకం పడిన కాగితానికి జవాబు చెప్పాలి మరి!

నీళ్ళు కాచారు. ఒకే బీకరులో పాత థర్మామీటరు తొంభై నాలుగు, కొత్తది వంద. సైన్సు సారు కిటికీలోంచి ఊరి ఎత్తు చూస్తూ నిలబడ్డాడు. పరీక్షాధికారి పిల్ల పుస్తకం మీద సంతకం చేశాడు. పిన్ని సర్వీసు పుస్తకంలో ‘సకాలంలో తెలియజేయలేదు’ అని హెడ్మాస్టరు ఎర్ర సిరాతో రాశాడు.

మిగతా నలభై మంది మాటేమిటి? మేధావులు ముగ్గురూ తలుపేసుకుని చర్చించారు. అందరికీ మర్యాదగా ఉంటుందని, రెంటినీ కలిపి సగం చేశారు. తల్లి రికార్డులో తొంభై నాలుగు కొట్టేసి, సైన్సు సారు ముత్యాల్లాంటి అక్షరాలతో తొంభై ఏడు అని రాశాడు.

పిల్ల పకపకా నవ్వింది. పిన్ని నవ్వలేదు. మసి పట్టిన బీకరును కుళాయి కింద పెట్టింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పరీక్ష రోజున నిజంగా వాడిన బీకరును కడగడం ఆవిడకదే మొదటిసారి.