ఒకటి నొక్కిన మండలం

ఆ రోజుల్లో నా జ్ఞాపకశక్తి గురించి మా అమ్మ ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకునేది. చదువులో కాదు లెండి. ఎవరు ఎప్పుడు నన్ను ఏమన్నారో, ఎవరి పెళ్ళిలో నా విస్తరి దాటేసి పక్కవాడికి రెండోసారి పప్పు వడ్డించారో అన్నీ నాకు గుర్తుండేవి. ఇప్పటికీ ఉన్నాయి. కళ్ళజోడు వచ్చింది, మోకాలి నొప్పి వచ్చింది, మరపు మాత్రం రాలేదు. అయితే ఈ మధ్య పాత అవమానాలను మనసులో తిరగేస్తుంటే కొన్నిచోట్ల కోపం రావాల్సింది పోయి నవ్వు వస్తోంది. అలా నవ్వు వచ్చేవాటిలో మొదటిది, నేను మా మండలానికి పార్టీ అధ్యక్షుణ్ణి కాబోయిన సంగతి. (మండలం పేరు చెప్పను, చెబితే మళ్ళీ ఫోన్లు వస్తాయి. గార్లదిన్నెకూ శింగనమలకూ మధ్య ఎక్కడో అనుకోండి.)

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టే దుకాణం నాది. మా వైపు వాన రాని ఏడాది ఉంటుంది గానీ మోటార్లు కాలని ఏడాది ఉండదు. నీళ్ళు లేని బోరులో ఒట్టిగా తిరిగి తిరిగి మాడిపోతాయి. కాబట్టి మండలంలో నాకు తెలియని రైతు లేడు. అయినా నేను బయటివాణ్ణే. మా నాయన కర్ణాటకలోని పావగడ వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టి ముప్పై ఏళ్ళయింది. నేను పుట్టిందీ, చదివిందీ, ఇంటర్ తప్పిందీ ఇక్కడే. అయినా ఎవరికైనా నన్ను చూపించాలంటే "ఆ పావగడోళ్ల పిల్లోడు" అనేవారు. కాలేజీ రోజుల నుంచి ఆ పార్టీ జెండా మోశాను. అధ్యక్ష పదవి మాత్రం ఒకసారి మండలంలో అందరూ పెద్దాయన అని పిలిచే పాత నాయకుడికి, ఒకసారి ఆయన బావమరిదికి. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసిన కాలంలో కూడా ఆ పదవి ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి పండగ పిండివంటలాగా తిరుగుతూనే ఉండేది.

ఒకనాడు కల్యాణమండపంలో కార్యకర్తల సమావేశం పెట్టారు. అనంతపురం నుంచి జిల్లా నాయకుడు వచ్చాడు. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పుకోవాలన్నాడు. నేను రెండు రోజుల ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను, చెప్పాల్సిన మాటలు దుకాణంలో మోటార్లకు వినిపించి మరీ సాధన చేశాను. మైకు నా వరకూ వచ్చింది. నేను లేచాను. పెద్దాయన బావమరిది ఆ మైకును నా చేతి మీదుగానే పక్కవాడికి అందించి, "ఈయప్ప మన మోటార్ల మేస్త్రీ సార్. జనరేటర్ చూసేకి వచ్చినాడు" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, నా ఖర్మ కాకపోతే, జనరేటర్ నిజంగానే ఆగిపోయింది. హాలంతా నా వైపు తిరిగింది. నేను కూర్చుని ఉండాల్సింది. కానీ యంత్రం చెడిపోతే చేతులు కట్టుకుని కూర్చునే విద్య నాకు అబ్బలేదు. వెళ్ళి బాగుచేసి వచ్చేసరికి నా కుర్చీలో ఎవరిదో హెల్మెట్ కూర్చుని ఉంది. ఆ హెల్మెట్‌ను పేరు చెప్పమని ఎవరూ అడగలేదు గానీ, లేవమని కూడా అనలేదు.

ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను, ఈసారి అధ్యక్ష పదవికి నేను నిలబడతానని. అదృష్టం కొద్దీ అప్పుడే పార్టీ కొత్త పద్ధతి పెట్టింది. పోటీ చేయాలనుకున్నవాళ్ళు జిల్లా ఆఫీసులో పేరు ఇవ్వాలి. తర్వాత మండలంలోని సభ్యులందరికీ ఫోన్ వస్తుంది, రికార్డు చేసిన గొంతు పేర్లు చదువుతుంది, నచ్చినవాడి అంకె నొక్కాలి. పేర్లు తీసుకుంటున్నారని తెలిసిన మరునాడే, ఆఫీసు తలుపు తీయకముందే నేను మెట్ల మీద కూర్చున్నాను. తాళం తీసిన గుమాస్తా నా చేతుల మీది వార్నిష్ మరకలు చూసి, "ఏమప్పా, ఏం రిపేరు?" అన్నాడు.

"రిపేరు కాదన్నా. అధ్యక్షునికి నిలబడేకి వచ్చినా."

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నిట్టూర్చి, తెల్లకాగితం తీసి మొదటి వరుసలో నా పేరు రాశాడు. పెద్దాయన తన పేరును ఆఖరి రోజున డ్రైవర్ చేత పంపించాడు. ఫోన్లో పేర్లు చదివే వరుస ఆ కాగితం వరుసే. నేను ఒకటి, పెద్దాయన నాలుగు.

ఫోన్లు వచ్చిన ఆ వారం నేను ఎక్కడా కుదురుగా నిలబడలేదు. దుకాణంలో కూర్చుంటే టీ అంగడి దగ్గర నా గురించి ఏదో అంటున్నారనిపించేది. అక్కడికి పోతే దుకాణానికి ఎవరో వచ్చి ఉంటారనిపించేది. ఒకే మోటారును రెండుసార్లు విప్పాను. మా బావ (అక్క మొగుడు, నాకున్న ఏకైక ప్రచారకర్త) "ఎందుకట్ల తిరుగుతాండావ్, తోక తెగిన తొండ మాదిరి? గెలిచేదా పెట్టేదా" అని ఓదార్చాడు. తీరా ఫలితం వచ్చింది. మొదటి స్థానం నాది! పెద్దాయన రెండోవాడు. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి మొదటి ఇద్దరి పేర్లతోనే అందరికీ మళ్ళీ ఫోన్లు చేస్తామన్నారు.

ఇక చూడండి నా వైభవం. టీ అంగడివాడు తన భుజం మీది గుడ్డతో బెంచీ తుడిచాడు. మైకు దాటించిన బావమరిది, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడు, నన్ను "అన్నా" అన్నాడు. పెద్దాయన స్వయంగా దుకాణానికి వచ్చి, రాగి తీగ చుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని, "పొద్దస్తమానం మోటార్లేనా అప్పా? ఒళ్ళు కూడా చూసుకోవల్ల" అని నా ఆరోగ్యం గురించి బెంగపడ్డాడు. బావ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "జనం నిన్ను కడుపులో ఇంత పెట్టుకోని ఉండారని మనకే తెలీకపాయె గదరా!" నేనూ నమ్మాను. ఎదుటివాడు పలకరించకముందే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టడం, ఎవరేం చెప్పినా "చూద్దాం, చేద్దాం" అనడం నాలుగు రోజుల్లో వచ్చేశాయి.

అయిదో రోజు మధ్యాహ్నం అమ్మ వసారాలో విత్తనానికి చెనిక్కాయలు (వేరుశనగ) ఒలుస్తోంది. అమ్మకూ పార్టీ సభ్యత్వం ఉంది, నేనే కట్టించాను. నా గొప్ప ఇంకోసారి వినాలనిపించి, "అమ్మా, నీకూ ఫోన్ వచ్చింది గదా?" అన్నాను.

"వచ్చిందిలే. ఎవురో ఆడమనిషి. ఒకటి నొక్కినా."

"నా పేరు వినపడతానే నొక్కినావు కదా!"

"పేరు యాడ చెప్పిందిరా? నమస్కారం అనింది, నేను ఒకటి నొక్కినా. తెలుగులో చెప్తాదని."

"మళ్ళ?"

"మళ్ళేముంది, ధన్యవాదాలు అని పెట్టేసింది. ఇదేందబ్బా ఏమీ చెప్పకనే పాయె అని శానాసేపు చెవి కాడనే పెట్టుకోనుంటి."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. గ్యాసుకు చేసినా, బ్యాంకుకు చేసినా, సిమ్ కంపెనీవాళ్ళు చేసినా మొదటి మాట అదే కదా, తెలుగు కోసం ఒకటి నొక్కండి అని. నొక్కకపోతే మా సరిహద్దు జిల్లాలో ఆ గొంతు కన్నడంలోకి పోతుంది, అక్కడి నుంచి హిందీలోకి పోతుంది. అందుకని ఆడగొంతు నమస్కారం అనగానే మావాళ్ళ బొటనవేలు దానంతటదే ఒకటి మీదికి పోతుంది. అయినా మనసు ఒప్పుకోక మరునాడు మోటార్లు తెచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. అందరిదీ అదే కథ. ఒకాయన మరీ నిష్ఠూరంగా, "గ్యాసోళ్ళేమో అని ఒకటి నొక్కినా అప్పా. సిలిండర్ రాలే, నువ్వొచ్చినావు" అన్నాడు.

బావకు చెబితే గంతులేశాడు. "ఇంగేం కావల్ల? ఈసారీ నువ్వే ఒకటి. వాళ్ళు మళ్ళా అదే నొక్కుతారు. నువ్వు గమ్మునుండు, చాలు."

బుద్ధి ఉన్నవాడు గమ్మునే ఉంటాడు. నేను ఉండలేకపోయాను. ఆలోచించండి, మండలమంతా కలిసి, నా పేరు ఒక్కసారైనా వినకుండా, నన్ను గెలిపించింది! నాకు జరిగిన అవమానాల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు. మైకు దాటించినవాడు కనీసం నా మొహం చూసి దాటించాడు. వీళ్ళు చెవి కూడా పెట్టలేదు. గెలిపిస్తే నన్ను విని గెలిపించాలి, ఓడిస్తే నన్ను విని ఓడించాలి అని పంతం పట్టి బావను బండి వెనక కూర్చోబెట్టుకుని ఊరూరూ తిరిగాను. రచ్చబండల దగ్గర, పాలకేంద్రాల దగ్గర, గొర్రెల మందల మధ్య నిలబడి ఒకటే చెప్పాను: "ఫోన్ వస్తానే నొక్కద్దండి. ఆయమ్మ చెప్పేదంతా వినండి. పేర్లు రెండూ వినండి. విన్నాక, నేను కావాలనుకుంటేనే ఒకటి నొక్కండి." నేను చెబుతున్నంతసేపూ బావ రెండు చేతుల్తో తల పట్టుకుని నేల చూపులు చూసేవాడు. ఒక ముసలి రైతు మాత్రం ఆసక్తిగా విని, "అట్లే వింటాంలే. అయితే నువ్వు గెలిచి కారెక్కి తిరుగుతాంటే మా మోటార్లెవురప్పా చూసేది?" అన్నాడు. హాస్యమనుకుని నాయకుడిలాగా నవ్వాను.

మా జనం మాట తప్పలేదు. చేతిలో పని ఆపి, ఫోన్ చెవికి ఆనించి, చివరిదాకా విన్నారట. విని, నిదానంగా ఆలోచించి, రెండు నొక్కారు. పెద్దాయన గెలిచాడు. ఆ తర్వాత నెల రోజులు ఎదురైన ప్రతివాడూ నా భుజం తట్టి "నేను నీకే నొక్కినా అప్పా" అన్నాడు. అంతమంది నొక్కి ఉంటే నేను రాష్ట్రానికే అధ్యక్షుణ్ణి అయ్యుండాలి. బావ ఒకే ఒక్క మాట అన్నాడు: "ఊరూరా తిరిగి నేర్పిస్తివి గదా, అనుభవించు."

ఫలితం తెలిసిన మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. అమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒక్క ఓటన్నా నిఖార్సుగా నాదని చెప్పుకోవాలని, "నువ్వు పూర్తిగా విని నొక్కినావు గదమ్మా?" అన్నాను.

"నువ్వు చెప్పినట్లే విన్నారా. కొళాయి కాడ బిందె పొర్లిపోతాన్నా లేయకుండా విన్నా. ఇంటిపేరుతో చెప్పింది నీ పేరు. చివర్న గారు అనింది." అమ్మ మొహం వెలిగిపోతోంది. "మీ నాయన్ని కూడా ఎవురూ అట్ల అన్లేదురా ఈ ఊర్లో. ఇంకోసారి అంటాదేమో అని అట్లే పట్టుకోనుంటి. అనింది! రెండోసారీ గారు అనింది."

"మరి నొక్కినావా లేదా?"

"నొక్కితే పెట్టేస్తాది గదరా!"

వాకిట్లోకి వెళ్ళి వేడి బండ మీద కూర్చున్నాను. కన్నతల్లి ఓటు కూడా పడని అభ్యర్థి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అని నిశ్చయించుకుని, ఇక ఆ ఇంట్లో అన్నం ముట్టకూడదనుకున్నాను. అమ్మ రాగి సంగటి కెలికి, చెనిక్కాయల పచ్చడి నూరి, మూడుసార్లు పిలిచింది. నేను తల తిప్పలేదు. నాలుగోసారి పిలవలేదు గానీ, లోపల మా నాయనతో చెప్పడం వినిపించింది. ఫోన్లో ఆయమ్మ పలికినట్టే మెల్లగా, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పి, చివర "గారు" అని కలిపి, తనలో తనే నవ్వుకుంటోంది. నాయన "ఏదీ, ఇంగోసారి అను" అన్నాడు.

మోకాళ్ళ మీద గడ్డం ఆనించి మూతి ముడుచుకుని కూర్చున్న ఆ కుర్రవాడు ఇప్పటికీ అప్పుడప్పుడు నా కళ్ళకు కడతాడు. లేచి లోపలికి పోరా, సంగటి చల్లారిపోతాంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు లేవడు. వాడి సంగతి నాకు తెలుసు.